పిల్లలకు టీబీ పరీక్ష: ఫోన్ పట్టుకొని వచ్చేవారికి ఏం చెప్పాలి?

టీబీ కేసుల నమోదుకు కేంద్ర ప్రభుత్వం 2012లో పెట్టిన ఆన్‌లైన్ పద్ధతి పేరు నిక్షయ్. టీబీ కేసు చూస్తే ప్రైవేటు డాక్టరు కూడా ప్రభుత్వానికి తెలపాలన్న నిబంధన వచ్చిందీ ఆ ఏడాదే. ఇప్పుడు అది మొబైల్ యాప్‌గా ఆరోగ్య సిబ్బంది చేతిలో ఉంది. బరంపురమైనా, షోలాపూరైనా, హోసూరైనా, యానామైనా పద్ధతి ఒకటే.

పిల్లల గురించి ముఖ్యంగా అడిగేవి నాలుగు: రెండు వారాలు దాటిన దగ్గు ఉందా, అన్ని రోజులుగా జ్వరం ఉందా, బరువు తగ్గిందా లేక పెరగడం ఆగిందా, ఇంట్లో గానీ దగ్గరి వాళ్లలో గానీ ఎవరికైనా టీబీ ఉందా.

ఇక్కడే మనవాళ్లకు చిక్కు. ఒడియాలోనో మరాఠీలోనో అడిగితే మన నాయనమ్మలు సగం అర్థమై సగం కాక "ఏం లేదమ్మా, బాగానే ఉన్నారు" అని పంపేస్తారు. బడికెళ్లే పిల్లనైనా పక్కన నిలబెట్టి మాట తిప్పించండి. బరువుకు అంగన్‌వాడీ కార్డు చూపిస్తే చాలు. నాలుగో ప్రశ్నకు మాత్రం భాష కాదు, సిగ్గు అడ్డం. తాతకు టీబీ ఉందంటే మనవరాలి సంబంధాలు చెడతాయని దాచే ఇళ్లు మనలో లేవా? పిల్లలకు టీబీ సాధారణంగా ఇంట్లో పెద్దల నుంచే అంటుతుంది. ఐదేళ్లలోపు వాళ్లకు అది త్వరగా ముదిరి మెదడు పొరల దాకా పోవచ్చు. పుట్టగానే వేసే బీసీజీ టీకా అలాంటి తీవ్ర రూపాల నుంచి చాలావరకు కాపాడుతుంది గానీ టీబీ రాకుండా పూర్తిగా ఆపలేదు.

ఫోన్ అనుమానాన్ని నమోదు చేస్తుందే గానీ జబ్బును తేల్చదు. ఎక్స్‌రేను కంప్యూటరే చదివే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 ఏళ్లు, ఆ పైబడినవారికే సిఫారసు చేసింది. కాబట్టి చిన్నపిల్లల ఎక్స్‌రేను డాక్టరు చూడాల్సిందే. పసివాళ్లు కళ్లె ఉమ్మరు, మింగేస్తారు. అందుకే పరగడుపున ముక్కులోంచి సన్నని గొట్టం వేసి కడుపులోని ద్రవం తీస్తారు. మలం నమూనాతోనూ పరీక్ష చేయవచ్చు.

పేరు నమోదయ్యాక ఒక నిక్షయ్ నంబరు వస్తుంది. గుమాస్తాగా బతికినవాడిని, నంబరు విలువ తెలుసు: కాగితం మీద రాసి రేషన్ కార్డుతో పాటు పెట్టుకోండి. చికిత్స మధ్యలో ఊరు మారినా, శ్రీకాకుళం వైపు సొంతూరు వెళ్లినా, ఆ నంబరుతో కేసును అక్కడి ఆస్పత్రికి బదిలీ చేస్తారు. వెళ్లే ముందు ఇక్కడి సిబ్బందికి చెప్పాలి, అంతే.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. చికిత్స సాగినంత కాలం పోషణకు నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. 2024 నవంబరుకు ముందు అది 500. ఇంట్లో ఒకరికి టీబీ తేలితే, జబ్బు లేని పిల్లలకు కూడా ముందుజాగ్రత్త మందు ఇస్తారు. అడిగి తీసుకోండి.

నిక్షయ్ సహాయ కేంద్రం ఉచిత నంబరు 1800-11-6666.