వాకీటాకీ: చేతి వైర్‌లెస్ సెట్ చరిత్ర, వాడకం, సంరక్షణ

మాటను పంపే భాగం, అందుకునే భాగం రెండూ ఒకే పెట్టెలో ఇమిడి, చేత్తో పట్టుకుని వాడే రేడియోను వాకీటాకీ అంటారు. పక్కనున్న బటన్ నొక్కితే మాట వెళ్తుంది, వదిలితే అవతలి మాట వినబడుతుంది. రెండూ ఒకేసారి జరగవు. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ ఆ ఛానల్‌లో ఉన్న మిగతావాళ్లంతా శ్రోతలే. నంబరు నొక్కనక్కర్లేదు, అవతలివారు ఎత్తేదాకా ఆగనక్కర్లేదు. ఒక్కసారి చెబితే ఇరవై మంది వింటారు. సెల్‌ఫోన్ ఇంటింటికీ వచ్చాక కూడా పోలీసులు, రైల్వే సిబ్బంది, అగ్నిమాపక దళాలు దీన్ని వదలకపోవడానికి కారణం ఇదే.

దీని చరిత్రను సాధారణంగా బరువు తగ్గుతూ వచ్చిన కథగా చెబుతారు. అది సగం కథే. సెట్ మెరుగుపడ్డ ప్రతిసారీ అంతకుముందు మనిషి చేసే పని ఏదో ఒకటి యంత్రంలోకి వెళ్లింది. అలా వెళ్లకుండా మనిషి దగ్గరే ఉండిపోయిన పనులను నిర్లక్ష్యం చేసినచోట, ఎంత ఖరీదైన సెట్ అయినా అవసరానికి పలకలేదు.

తొలి సెట్లు

1937లో కెనడాలో డొనాల్డ్ హింగ్స్ తాను పనిచేసే గనుల కంపెనీ కోసం మోసుకెళ్లగల రెండువైపుల రేడియో తయారుచేశాడు. ఉత్తరాది అడవుల మీదుగా చిన్న విమానాల్లో తిరిగే పైలట్లు ఎక్కడైనా దిగిపోవాల్సి వస్తే కబురు పంపడానికి దారి ఉండేది కాదు. ఆ అవసరమే దాన్ని పుట్టించింది. మరుసటి ఏడాది అమెరికాలో ఆల్ఫ్రెడ్ గ్రాస్ అనే యువ అమెచ్యూర్ రేడియో ఔత్సాహికుడు అధిక పౌనఃపున్యాల మీద పనిచేసే చేతి సెట్ రూపొందించాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, శత్రు భూభాగంలోని ఏజెంటు పైన ఎగిరే విమానంతో మాట్లాడే పరికరం తయారీలో అమెరికా గూఢచార విభాగం అతని సాయం తీసుకుంది. మొదటి వాకీటాకీ ఎవరిదన్న వాదన ఈ ఇద్దరి చుట్టూ ఇప్పటికీ నడుస్తోంది. ఇద్దరూ వేర్వేరు అవసరాల కోసం, వేర్వేరు చోట్ల అక్కడికి చేరుకున్నారనుకోవడమే న్యాయం.

పెద్ద సంఖ్యలో సైనికుల చేతికి అందిన మొదటి సెట్ మాత్రం, తర్వాత మోటరోలాగా పేరు మార్చుకున్న గాల్విన్ కంపెనీ తయారుచేసిన ఎస్‌సీఆర్-536. 1941 నుంచి ఉత్పత్తి అయింది. బరువు దాదాపు రెండున్నర కిలోలు. అందులో అయిదు వాల్వులు (వాక్యూమ్ ట్యూబులు). 3.5 నుంచి 6 మెగాహెర్ట్‌జ్ మధ్య ఏదో ఒకే ఒక్క పౌనఃపున్యం మీద పనిచేసేది. నేల మీద మైలు దూరం అందితే గొప్ప. 1944 జూన్‌లో నార్మండీ తీరాన దిగిన దళాల చేతుల్లో ఉన్నది ఇదే.

ఈ సెట్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నేటి వాడకపు సూత్రాలు చాలావరకు దీనిలోనే కనిపిస్తాయి. దీనికి విడిగా ఆన్ స్విచ్ లేదు. యాంటెన్నా బయటికి లాగితే సెట్ పనిచేయడం మొదలవుతుంది, లోపలికి తోస్తే ఆగిపోతుంది. యాంటెన్నా తెరవకుండా మాట్లాడే పొరపాటుకు ఆస్కారమే లేకుండా చేసిన ఏర్పాటది. లోపల రెండు రకాల బ్యాటరీలు ఉండేవి: వాల్వుల ఫిలమెంట్ వేడెక్కడానికి 1.5 వోల్టులది, వాల్వులు నడవడానికి వంద వోల్టులు దాటినది. రెండింటిలో ఏది అయిపోయినా సెట్ మూగబోయేది. ఛానల్ మార్చాలంటే క్వార్ట్‌జ్ స్ఫటికాలు, చుట్టలు తీసి వేరేవి పెట్టి, మళ్లీ సరిచూడాలి. అది యుద్ధరంగంలో సైనికుడు చేసుకునే పని కాదు, మెకానిక్ పని. కాబట్టి ఏ దళానికి ఏ పౌనఃపున్యమో బయల్దేరకముందే నిర్ణయమైపోవాలి. నేడు కంప్యూటర్‌కు తగిలించి సెట్లలో ఛానళ్లు నింపుతున్నాం. పద్ధతి మారినా, ఎవరు ఎవరితో ఏ ఛానల్‌లో మాట్లాడాలో ముందే కాగితం మీద రాసుకోవాల్సిన అవసరం మాత్రం తప్పలేదు.

1943లో వచ్చిన ఎస్‌సీఆర్-300 వీపున మోసే సెట్. వాకీటాకీ అన్న పేరు మొదట దీనికే స్థిరపడింది. డాన్ నోబుల్ నాయకత్వంలో రూపొందిన దీనిలో పోలండ్‌కు చెందిన ఇంజనీరు హెన్రిక్ మాగ్నుస్కీ పాత్ర పెద్దది. పదిహేను కిలోలకు పైగా బరువు, పద్దెనిమిది వాల్వులు, 40–48 మెగాహెర్ట్‌జ్ మధ్య 41 ఛానళ్లు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్ పొందిన ఎఫ్‌ఎం పద్ధతిని వాడటం దీని అసలు బలం. ట్యాంకుల ఇంజన్లు పుట్టించే గరగర ఏఎం సెట్లను ముంచేసేది, ఎఫ్‌ఎంలో మాట స్పష్టంగా అందేది. పైగా సైనికుడే నాబ్ తిప్పి ఛానల్ మార్చుకోగలిగాడు. మెకానిక్ పని ఒకటి ఇలా యంత్రంలోకి వెళ్లింది.

చేతిలో ఇమిడాక

1947లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. అది వాల్వులను పూర్తిగా తొలగించడానికి పదిహేనేళ్లు పట్టింది. 1962లో మోటరోలా తెచ్చిన హెచ్‌టీ-200 కిలో కంటే తక్కువ బరువుతో పోలీసు అధికారి నడుముకు చేరింది. అంతవరకు జీపులో ఉండిపోయిన వైర్‌లెస్ ఇప్పుడు అతనితో పాటు దిగి నడిచింది.

సెట్ చిన్నదయ్యే కొద్దీ యాంటెన్నా కూడా కుదించుకుపోయింది. 150 మెగాహెర్ట్‌జ్ దగ్గర తరంగదైర్ఘ్యం రెండు మీటర్లు. దానిలో నాలుగో వంతు, అంటే అరమీటరు యాంటెన్నా ఉంటే బాగా పనిచేస్తుంది. అంత పొడవు నడుముకు వేలాడదీయలేం కనుక తీగను చుట్టగా చేసి రబ్బరు తొడిగారు. సౌకర్యం వచ్చింది, సామర్థ్యం కొంత పోయింది. ఆ నష్టాన్ని వాడేవాడే పూడ్చుకోవాలి: సెట్‌ను నడుము నుంచి తీసి, యాంటెన్నా నిటారుగా ఉండేలా ముఖం ఎత్తున పట్టుకోవాలి. శరీరం తరంగాలను పీల్చుకుంటుంది కాబట్టి నడుముకు ఉంచి మాట్లాడితే అందే దూరం గణనీయంగా తగ్గుతుంది.

ఈ పౌనఃపున్యాలు దాదాపు చూపు సాగినంత మేరే పోతాయి. చదునైన నేల మీద నిలబడ్డ ఇద్దరి మధ్య అయిదు వాట్ల సెట్లు కొద్ది కిలోమీటర్లే పలుకుతాయి. పెట్టె మీద ముద్రించే ముప్పై, నలభై కిలోమీటర్ల అంకెలు ఒకరు కొండ మీద ఉన్నప్పటివి. వాట్లు రెట్టింపు చేయడం కన్నా నాలుగు మెట్లు ఎక్కడం మేలు. తూర్పు కనుమల వంటి చోట లోయలోని సెట్ పక్క లోయను అందుకోలేదు. అందుకే ఎత్తైన చోట రిపీటర్ పెడతారు. అది ఒక పౌనఃపున్యం మీద విన్నదాన్ని అదే క్షణంలో మరో దాని మీద ఎక్కువ శక్తితో పంపుతుంది. రిపీటర్ తెరుచుకోవడానికి లిప్తపాటు పడుతుంది. బటన్ నొక్కుతూనే మాట్లాడేవారి మొదటి పదం పోయేది అక్కడే. నొక్కి, ఒక క్షణం ఆగి మాట్లాడాలన్న నియమం అందుకే వచ్చింది. “రావద్దు ముందుకు” అన్న ఆదేశంలో మొదటి మాట తెగితే మిగిలేది ఏమిటో ఊహించుకోవచ్చు, ఆదేశాన్ని తిరిగి చదివి వినిపించే ఆనవాయితీ కూడా అందుకే.

వాడకంలోని చిన్న లోపం ఎంత దూరం పోగలదో 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో తేలింది. ప్రపంచ వాణిజ్య కేంద్రంలో 1993 బాంబు దాడి తర్వాత అగ్నిమాపక సిబ్బంది కోసం రిపీటర్ ఏర్పాటు చేశారు. ఆ రోజు దాని రెండు బటన్లలో ఒకటే నొక్కారు. రెండోది నొక్కనందున ఉత్తర టవర్ లాబీలోని ప్రధాన హ్యాండ్‌సెట్ పలకలేదు. పరీక్షించి చూసిన అధికారి రిపీటరే పనిచేయడం లేదనుకున్నారు. నిజానికి అది పనిచేస్తోంది. దక్షిణ టవర్‌లో ఎక్కిన బృందం దాని మీదే మాట్లాడుకుంది కూడా. ఉత్తర టవర్‌లో ఖాళీ చేయమన్న పిలుపు చాలామందికి చేరలేదు. అదే ఏడాది మార్చిలో అక్కడ కొత్త డిజిటల్ సెట్లు ఇచ్చి, ఆపదలో ఉన్న ఒకరి పిలుపు తోటివారికి వినబడలేదన్న ఫిర్యాదుతో వెనక్కి తీసుకున్నారు. పాత సెట్లతోనే వారు ఆ మెట్లెక్కారు.

డిజిటల్ దశలో 1995 నాటి టెట్రా, 2005 నాటి డీఎంఆర్ ప్రమాణాలు ముఖ్యమైనవి. రెండూ ఐరోపా నుంచి వచ్చాయి. డీఎంఆర్ 12.5 కిలోహెర్ట్‌జ్ వెడల్పును కాలంలో రెండు వంతులుగా పంచి రెండు సంభాషణలు నడుపుతుంది. మాట చివరిదాకా స్పష్టంగా వస్తుంది, హద్దు దాటగానే ఒక్కసారిగా మాయమవుతుంది. అనలాగ్ సెట్‌లో దూరం పెరిగే కొద్దీ బుస్సుమనే శబ్దం పెరిగి ముందే హెచ్చరించేది. ఆ హెచ్చరిక పోవడం నా దృష్టిలో చిన్న నష్టం కాదు, డిజిటల్ సెట్ వాడేవారు ఏ మలుపు దగ్గర సిగ్నల్ పోతుందో నడిచి చూసి ముందే తెలుసుకోవాలి. అనలాగ్ సెట్లలోని “ప్రైవసీ టోన్” గురించి కూడా ఒక మాట. అది ఇతరుల మాటలు మనకు వినబడకుండా చేస్తుంది తప్ప, మన మాటలు ఇతరులకు వినబడకుండా చేయదు.

మన దగ్గర

రాష్ట్రాల పోలీసు వైర్‌లెస్ వ్యవస్థల సమన్వయానికి కేంద్రంలో 1946లో ఒక విభాగం ఏర్పడింది. తెలుగు జిల్లాల పోలీసుల వాడుకలో ఇది “సెట్”, వీపున మోసేది “మ్యాన్‌ప్యాక్”, జిల్లా ఎస్పీ ఠాణాలన్నింటితో ఒకేసారి మాట్లాడేది “సెట్ కాన్ఫరెన్స్”. రైళ్లలో లోకో పైలట్, గార్డు (ఇప్పుడు ట్రైన్ మేనేజర్) అయిదు వాట్ల సెట్లతో మాట్లాడుకుంటారు. కోస్తా వేట పడవలకైతే అంతర్జాతీయంగా ఆపద పిలుపుకు కేటాయించిన 16వ ఛానల్, అంటే 156.8 మెగాహెర్ట్‌జ్, ప్రాణాధారం. దాన్ని ఊరి కబుర్లతో నింపడం మరొకరి పిలుపును నొక్కేయడమే.

హైదరాబాద్‌లో 1983లో మొదలైన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మామూలు పౌరులకు ఈ విద్య నేర్పింది. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున వెళ్లిన భారతి ప్రసాద్ అండమాన్‌లోనే ఉన్నారు. ఫోన్లు తెగిపోయిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రధాన భూభాగానికి కబుర్లు చేర్చారు. అంత దూరానికి వాడేవి చేతి సెట్లు కావు, పెద్ద హెచ్‌ఎఫ్ సెట్లు. పొదుపుగా, స్పష్టంగా, వంతు ప్రకారం మాట్లాడే శిక్షణ మాత్రం రెండింటికీ ఒకటే.

సంరక్షణ

సెట్ పాడవడం కన్నా బ్యాటరీ పాడవడమే ఎక్కువ. అయిదు వాట్లతో మాట్లాడేటప్పుడు సెట్ ఒక ఆంపియర్‌కు మించి లాగుతుంది, ఊరికే వింటూ ఉంటే అందులో చిన్న వంతే. తయారీదారులు చెప్పే గంటలు నూటికి అయిదు వంతులు మాట్లాడటం, అయిదు వంతులు వినడం, తొంభై వంతులు మౌనం అన్న లెక్క మీద ఆధారపడతాయి. జాతరలోనో, వరదలోనో ఆ లెక్క నిలవదు, అదనపు బ్యాటరీ ఉండాల్సిందే. పాత నికెల్-కాడ్మియం బ్యాటరీలను అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీచేసి నింపేవారు. నేటి లిథియం-అయాన్ బ్యాటరీకి ఆ అలవాటు హానికరం. చాలాకాలం పక్కన పెట్టాలంటే సగం ఛార్జితో, సెట్ నుంచి విడదీసి, చల్లని చోట ఉంచాలి. మన ఎండల్లో మూసిన జీపు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే దాని ఆయుష్షు త్వరగా కరిగిపోతుంది.

యాంటెన్నా లేకుండా బటన్ నొక్కకూడదు. బయటికి పోవలసిన శక్తి వెనక్కి తిరిగి చివరి ట్రాన్సిస్టర్‌ను కాల్చేయగలదు. యాంటెన్నా పట్టుకుని సెట్ మోయడం వల్ల దాని అడుగు వదులవుతుంది. ఐపీ67 గుర్తున్న సెట్ మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుంది, అది కూడా రబ్బరు మూతలన్నీ బిగించి ఉన్నప్పుడే. ఉప్పునీరు తగిలితే మంచినీటితో కడిగి ఆరబెట్టాలి, బ్యాటరీ లోహపు స్పర్శలను పొడిగుడ్డతో తుడవాలి. మండే వాయువులుండే బొగ్గు గనుల్లో, రిఫైనరీల్లో నిప్పురవ్వ పుట్టనివ్వని ప్రత్యేక సెట్లే వాడాలి. వాటికి మామూలు బ్యాటరీ తగిలిస్తే ఆ రక్షణ పోయినట్టే.

నకిలీల బెడద తీవ్రమైనది. 2024 సెప్టెంబరులో లెబనాన్‌లో పేలిన సెట్ల మీద ఐకామ్ పేరు కనిపించింది. ఆ నమూనా తయారీని 2014లోనే ఆపేశామనీ, నకిలీలను గుర్తించే హోలోగ్రామ్ ముద్ర వాటి మీద లేదనీ ఆ జపాన్ కంపెనీ ప్రకటించింది.

భారత్‌లో 1933 నాటి వైర్‌లెస్ చట్టం లైసెన్సు లేకుండా సెట్ దగ్గర ఉంచుకోవడాన్నే నేరంగా చూసింది. 2018 నిబంధనలు 446.0–446.2 మెగాహెర్ట్‌జ్ మధ్య పనిచేసే స్వల్పశక్తి సెట్లకు మినహాయింపు ఇచ్చాయి. అయితే ఆ సెట్ నమూనాకు ప్రభుత్వ ఆమోదం ఉండాలి. ఆన్‌లైన్‌లో పౌనఃపున్యం చెప్పకుండా, ఆమోదం లేకుండా అమ్ముడవుతున్న సెట్ల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో మార్గదర్శకాలు విడుదల చేసింది. అమ్మేవారు పౌనఃపున్య పరిధినీ, లైసెన్సు అవసరమో కాదో అన్న సంగతినీ కొనేవారికి ముందే చెప్పాలి.