గేర్ల సైకిలు కొనేముందు దాని కథ కొంచెం

స్కాలర్‌షిప్ పడిందంటే మన గ్రూపులో ఒకటే ప్రశ్న: ఈ డబ్బుల్లో ఏ గేర్ల సైకిలు వస్తుంది? 21 గేర్లని స్టిక్కరుంటే చాలు, మంచిదనుకుంటాం. ఇంకోపక్క తాండాల నుంచి వచ్చే చెల్లెళ్ళు మిట్ట దగ్గర దిగి, సైకిలు నెట్టుకుంటూ మొదటి పీరియడు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఈ పోస్టు.

గేరు మార్చే ఆ భాగం పేరు డీరైలర్. చైనును ఒక పళ్ళచక్రం మీంచి తప్పించి ఇంకోదాని మీదికి తోస్తుంది. దీని కోసం మొదట కొట్లాడింది రేసుల వాళ్ళు కాదు, కొండలెక్కే మామూలు జనం. ఫ్రాన్సులో సెయింట్ ఎతియెన్ పక్కన 1,161 మీటర్ల కనుమ ఉంది. (మన హార్స్‌లీ కొండ సుమారు 1,265. దొర పేరు రాకముందు అది ఏనుగు మల్లమ్మ కొండ, ఆ మల్లమ్మ చెంచులను చూసుకున్న తల్లి అని చెప్తారు. పేరు మారింది గానీ మిట్ట తగ్గలేదు.) ఆ ఊళ్ళో ఉండే పాల్ ద వివీ, గేర్లు కావాలని తన పత్రికలో ఏళ్ళ తరబడి రాశాడు. 1902లో మార్త్ హెస్ అనే ఆమె మూడు గేర్ల సైకిలు మీద, ఒంటి గేరు తొక్కిన పేరున్న రేసరును ఓడించింది. టూర్ ద ఫ్రాన్స్ నడిపే ఆన్రీ దెగ్రాంజ్ మాత్రం, గేర్లు 45 ఏళ్ళు దాటినోళ్ళకని తీసిపారేశాడు. 1937 దాకా ఆ రేసులో డీరైలర్‌కు చోటు లేదు. అప్పటిదాకా కొండ మొదట్లో దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకునేవాళ్ళు! మాకైతే హెస్ వైపే న్యాయం కనిపిస్తుంది.

ఆ తర్వాత 1964లో జపాన్ సన్‌టూర్ వాళ్ళు దాన్ని ఏటవాలుగా కదిలేట్టు చేశారు. 1980ల్లో షిమానో వాళ్ళు టిక్కుమని పడే లీవరు తెచ్చారు. మొదట ఖరీదైన రేసు సైకిళ్ళకే వచ్చిన ఆ టిక్కు, ఇప్పుడు వాళ్ళ చవక రకం టర్నీలో కూడా ఉంది. కాబట్టి మన బడ్జెట్టుకు టర్నీ చాలు, సిగ్గుపడేదేం లేదు.

స్టిక్కరు వదిలేసి పళ్ళు లెక్కపెట్టండి. ముందు 44, వెనక 18 పళ్ళుంటే పెడల్ ఒక చుట్టుకు చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. మిట్టలో కాళ్ళు పీకేది అందుకే. ముందు 28, వెనక 28 అయితే ఒకటే చుట్టు. మెల్లగా పోతుంది, కానీ దిగక్కర్లేదు. ఘాట్ ఎక్కేవాళ్ళు, టమాటా గంపలు కట్టుకుని పోయేవాళ్ళు వెనక 34 పళ్ళున్నది చూడండి. అంత పెద్ద చక్రానికి ఆ డీరైలర్ పడుతుందో లేదో షాపులో అడిగే తీసుకోండి. వాయల్పాడు ఊళ్ళోనే తిరిగేవాళ్ళకు ఒంటి గేరు చాలు, మిగిలిన డబ్బు పుస్తకాలకు పెట్టుకోవచ్చు.

సెకండ్‌హ్యాండ్ అయితే వెనక నిలబడి చూడండి. డీరైలర్ చక్రానికి సమానంగా, నిటారుగా వేలాడాలి. లోపలికి వంగి ఉంటే పుల్లల్లో ఇరుక్కుంటుంది. అది తగిలించే కొక్కెం విడిగా మార్చుకునేదైతే కొంచెం ధైర్యం.

కొనేముందు ముందూ వెనకా పళ్ళ లెక్క, వెనక నుంచి తీసిన ఫొటో గ్రూపులో పెట్టండి, కలిసి చూద్దాం.