కృతజ్ఞత ముందా, విడుదల ముందా? చరిత్రలో 136వ కీర్తన పల్లవి

మన సంఘములలో కృతజ్ఞతా కూడికలు సాధారణముగా ఏదో ఒక మేలు జరిగిన తరువాతే ఏర్పాటవుతాయి. ఉద్యోగము దొరికితే, ఇల్లు కట్టుకుంటే, ఆపరేషన్ అయి క్షేమముగా ఇంటికి వస్తే, బంధువులను పిలిచి, పాస్టరుగారిచేత వాక్యము చెప్పించి, భోజనము పెడతారు. ఇది మంచి అలవాటే. దీనిని తప్పుపట్టుట మా ఉద్దేశ్యము కాదు. అయితే అదే కూడికలో వెనుక వరుసలో కూర్చున్న మరొక విశ్వాసి కుమారునికి ఉద్యోగము రాలేదు. మరొకరి భార్య ఆసుపత్రినుండి తిరిగి రాలేదు. వారు ఏమని స్తుతించాలి? దేవుని ఎడతెగని ప్రేమకు కృతజ్ఞత చెప్పే 136వ కీర్తన చరిత్రలో ఎవరి నోట, ఏ గడియలో పలికిందో పరిశీలిస్తే ఈ ప్రశ్నకు కొంత వెలుగు దొరుకుతుంది.

ఈ కీర్తనలో 26 వచనములున్నవి. దేవుని కృపకు అంతము లేదని చెప్పే పల్లవి ప్రతి వచనములోనూ తిరిగి వస్తుంది. హీబ్రూ భాషలో అది మూడే మాటలు. నాయకుడు ఒక కార్యమును చెబుతాడు, ప్రజలు పల్లవిని అందుకుంటారు. చదువు రానివారు, గ్రంథము చేతిలో లేనివారు కూడా పాలుపొందగలరు. జనసమూహముతో చేసే ఆరాధనకు ఇంత అనువైన కీర్తనలు కొద్దియే.

ఈ పల్లవి కీర్తనల గ్రంథమునకే పరిమితము కాదు. సొలొమోను ఆలయ ప్రతిష్ఠలో అది వినబడింది (2 దిన. 5), అది నిండుదనపు దినము. కాని యెహోషాపాతు కాలములో యుద్ధము జరుగక ముందే, సైన్యమునకు ముందుగా నడిచిన గాయకుల నోట వినబడింది (2 దిన. 20). యిర్మీయా 33వ అధ్యాయములోని సందర్భము ఇంకా కఠినమైనది. ప్రవక్త బందీగృహ ప్రాకారములో ఉన్నాడు, పట్టణము ముట్టడిలో ఉన్నది, ఇండ్లు పడగొట్టబడుచున్నవి. ఈ పాడైన స్థలములోనే ఆ పల్లవి పాడేవారి స్వరము మరల వినబడుతుందని దేవుడు అక్కడ వాగ్దానము చేశాడు. చెర తీరి తిరిగి వచ్చినవారు ఆలయ పునాది వేసిన దినమున (ఎజ్రా 3) అది నిజముగానే వినబడింది. అయితే మొదటి మందిరమును చూసిన వృద్ధులు ఆ దినమున గట్టిగా ఏడ్చారు. సంతోషధ్వని ఏదో, ఏడ్పు ఏదో జనులు తెలుసుకొనలేకపోయారు. కృతజ్ఞతా కూడికలో ఏడ్చేవారిని ఓదార్చి ఊరుకోబెట్టుటకు తొందరపడే మనము ఈ వచనమును నెమ్మదిగా చదవాలి.

యూదులు 136వ కీర్తనను మహా హల్లేల్ అని పిలిచారు. క్రీ.శ. 200 ప్రాంతములో కూర్చబడిన మిష్నాలో, ఉపవాసములను గూర్చిన భాగములో, లుద్ద పట్టణపు సంగతి ఒకటి ఉన్నది. వర్షము కొరకు ప్రజలు ఉపవాసమున్నారు. మధ్యాహ్నము కాకముందే వాన కురిసింది. వెళ్లి తిని త్రాగి పండుగ చేసుకోండని రబ్బీ తర్ఫోను చెప్పాడు. వారు అలాగే చేసి, సాయంకాలము వచ్చి మహా హల్లేల్ పలికారు. సమస్త జీవులకు ఆహారమిచ్చే దేవుని గూర్చిన మాట ఈ కీర్తన చివరిలో ఉన్నది గనుక, కడుపు నిండిన తరువాత పలుకుట సమంజసమే. మన కూడికలకు దగ్గరి బంధువు లుద్దయే.

ఇక్కడ తెలుగు పదమును గూర్చి ఒక మాట. ఈ పల్లవిలోని హీబ్రూ పదము హెసెద్. నిబంధన చేసికొన్నవాడు ఆ నిబంధనకు నమ్మకముగా నిలిచే ప్రేమ అని దాని భావము. గ్రీకు అనువాదకులు దానికి ఎలెయొస్ అనే పదము వాడారు. ఆ పదము క్రొత్త నిబంధనలో వచ్చినప్పుడు మన తెలుగు బైబిలులో సాధారణముగా కనికరమని చదువుతాము. ఈ కీర్తనలో మాత్రము కృప అని ఉన్నది. ఎఫెసీ పత్రికలోని ఖారిస్‌కు వాడిన పదము కూడా అదే. రెండు నిబంధనలు ఒకే మాటతో కలియుట తెలుగు విశ్వాసికి లాభమే. కాని మన వాడుకలో కృప అంటే పైవాడు క్రిందివానిపై చూపే కటాక్షము అనే వాసన కూడా ఉన్నది. దొరగారు చేసిన మేలుకు ఋణపడి ఉండుట వంటిది. ఆ వాసనలో కృతజ్ఞత బాకీ తీర్చుటగా మారిపోతుంది. మేలు పొందనివానికి తీర్చవలసిన బాకీయే ఉండదు. హెసెద్ అలాంటిది కాదు. మేలు వచ్చినా రాకపోయినా దేవుడు తన మాటమీద నిలిచి ఉన్నాడు.

క్రీ.శ. 356 ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి అలెక్సంద్రియలో జరిగినది ఈ భేదమును తేటపరుస్తుంది. మరుసటి దినపు ఆరాధన కొరకు ప్రజలు థియోనాసు దేవాలయములో జాగరణ చేయుచుండగా, కొన్‌స్తాంతియు చక్రవర్తి సేనాని సిరియాను సైనికులతో దానిని చుట్టుముట్టాడు. వారు 5,000 మందికి మించి ఉన్నారని, కత్తులు, విండ్లు, ఈటెలు, దుడ్డుకర్రలు పట్టుకొని వచ్చారని బిషప్పు అథనాసియు వ్రాశాడు. ప్రజలను విడిచిపోవుట తగదని తలంచి ఆయన తన ఆసనముమీద కూర్చున్నాడు. కీర్తన చదవమని డీకనుకు చెప్పాడు; ప్రజలు పల్లవితో జవాబిచ్చి, తరువాత ఇండ్లకు వెళ్లిపోవాలని ఆజ్ఞాపించాడు. ఆయన సంఖ్య చెప్పకపోయినా, ఆ పల్లవిని బట్టి అది 136వ కీర్తన అని సాధారణముగా గ్రహిస్తారు. ఐగుప్తు తొలిచూలును హతము చేసిన దేవుని గూర్చిన వచనము దానిలో ఉన్నది. పలికినవారేమో ఐగుప్తు క్రైస్తవులు! ఇశ్రాయేలు చరిత్రను వారు అంతగా తమదిగా చేసుకొన్నారు.

తలుపులు బద్దలయ్యాయి. ముందు మీరు వెళ్లండని అందరూ కేకలు వేసినా, ప్రజలు బయటపడేవరకు అథనాసియు కదలలేదు. చివరకు సన్యాసులు, గురువులు ఆయనను లాగుకొని పోయారు. కాని అందరూ తప్పించుకొనలేదు. నాలుగు దినముల తరువాత ప్రజలు వ్రాసిన ఫిర్యాదులో చనిపోయినవారి సంగతి ఉన్నది. జరిగినదానిని ఎవరూ కాదనకుండునట్లు, సైనికులు విడిచిపోయిన ఆయుధములను వారు దేవాలయములోనే వ్రేలాడదీసి ఉంచారు. చంపబడినవారు కూడా ఆ రాత్రి పల్లవి పలికినవారే. కీర్తన వారిని కత్తినుండి కాపాడలేదు. కృతజ్ఞత చెల్లిస్తే ఆపద తొలగుతుందని బోధించేవారికి ఈ రాత్రి సహాయపడదు.

పిరికితనముతో పారిపోయాడని విరోధులు నిందించగా, అథనాసియు తన పలాయనమును సమర్థించుకొంటూ ఒక గ్రంథము వ్రాశాడు. ఆ రాత్రి కీర్తన సంగతి మనకు అందులోనే దొరుకుతుంది. ఆరు సంవత్సరములు అజ్ఞాతములో, ఎక్కువగా ఎడారి సన్యాసుల మధ్య గడిపి, 362 ఫిబ్రవరిలో ఆయన తన సంఘమునకు తిరిగి వచ్చాడు. అదే సంవత్సరము అక్టోబరులో, జూలియన్ చక్రవర్తి ఆజ్ఞవలన, మరల నగరము విడిచి వెళ్లవలసి వచ్చింది.