కంప్యూటరు శాస్త్ర విద్యలో ప్రయోగ పరిశోధనా బోధన

గణిత, విద్యుదింజనీరింగు శాఖలయందు జన్మించిన కంప్యూటరు శాస్త్రము తొలి దశాబ్దములలో సిద్ధాంతమును నిరూపించుటనో, యంత్రమును నిర్మించి చూపుటనో మాత్రమే విద్యగా నెంచినందున, పరికల్పనను కొలతలచే పరీక్షించు పద్ధతి దాని పాఠ్యప్రణాళికలలోనికి మిక్కిలి ఆలస్యముగా ప్రవేశించినది. ఆలెన్ న్యూయెల్, హెర్బర్ట్ సైమన్ 1975 సంవత్సరపు ట్యూరింగు పురస్కారోపన్యాసమున కంప్యూటరు శాస్త్రము అనుభవమూలకమైన శాస్త్రమనియు, నిర్మింపబడిన ప్రతి నూతన యంత్రమును ఒక ప్రయోగమే యనియు ప్రతిపాదించిరి. కాని దానిని పాఠముగా మలచినవారు వేరు.

ఆ పనికి ముఖ్యస్థానము మేరీలాండు విశ్వవిద్యాలయము. నాసా గొడ్డార్డు కేంద్రముతో కలిసి 1976లో నెలకొల్పిన సాఫ్ట్‌వేరు ప్రయోగశాలకు విక్టర్ బాసిలి ప్రాణము పోసెను. విచిత్రమేమనగా, ఇచ్చట విద్యార్థులు ప్రయోగవిద్యను అభ్యసించుటకు ముందే తామే ప్రయోగమునకు పాత్రులైరి. బాసిలి, రిచర్డ్ సెల్బీ 1987లో ప్రకటించిన అధ్యయనమున 42 మంది విద్యార్థులును 32 మంది వృత్తినిపుణులును పాల్గొనిరి. ప్రోగ్రామును చదివి తప్పు పట్టుట, లక్షణపత్రము ననుసరించి నడిపి చూచుట, లోపలి వాక్యములన్నియు ఒకసారియైనను నడచునట్లు పరీక్షించుట అను మూడింటిని ప్రతివారును వేర్వేరు ప్రోగ్రాములపై ప్రయోగించిరి గనుక, వ్యక్తుల నైపుణ్యభేదము ఫలితమును కలుషితము చేయు అవకాశము తగ్గెను. నిపుణులు ఎక్కువ తప్పులను పట్టినది యంత్రమును ముట్టక చదివినప్పుడే! యంత్రమునే నమ్ముకొన్నవారికి ఇది కొంత చేదుగా తోచియుండును.

ఇట్టి జాగ్రత్తగల ప్రయోగరచనకు వ్యతిరేకోదాహరణముగా చెప్పదగినది 1968 నాటి సాక్‌మన్, ఎరిక్‌సన్, గ్రాంట్‌ల ప్రయోగము. పన్నెండుమంది ప్రోగ్రామర్లలో తప్పులు దిద్దుకాలము 28 రెట్ల వరకు భేదించెనను మాట దశాబ్దములపాటు గ్రంథములలో మారుమ్రోగెను. భిన్నపరిస్థితులలో, భిన్నభాషలలో పనిచేసినవారిని ఒకే రాశిగా చేర్చి, అందు మిక్కిలి మందుని మిక్కిలి చురుకైనవానితో పోల్చుటవలన వచ్చిన సంఖ్య యది. 1999లో లుట్జ్ ప్రెషెల్ట్ దాని నిస్సారతను సవిస్తరముగా చూపెను. సంఖ్యాశాస్త్రసూత్రములను వల్లెవేయించుటకంటె ఇట్టి యొక్క దోషమును విప్పి చూపుట విద్యార్థికి మేలు.

1995లో వాల్టర్ టిషీ బృందము 400 వ్యాసములను పరిశీలించి, ప్రయోగపరీక్ష అవసరమైనవానిలో 40 శాతమునకు అది బొత్తిగా లేదని వెల్లడించెను. ఆ యేడే పాల్ కోహెన్ కృత్రిమ మేధకు, 2000లో క్లాస్ వోలిన్ ప్రభృతులు సాఫ్ట్‌వేరునకు ప్రయోగపద్ధతిని బోధించు పాఠ్యగ్రంథములను రచించిరి. విద్యార్థిని నిపుణునికి ప్రతినిధిగా గ్రహింపవచ్చునా యను వివాదము మాత్రము తెగలేదు. 2000లో స్వీడనున మార్టిన్ హోస్ట్ ప్రభృతులు ఒక నిర్ణయకార్యమున ఉభయులను పోల్చి స్వల్పభేదమునే కనుగొనిరి గాని, ఆ ఫలితము సర్వకార్యములకును వర్తించునని చెప్పుటకు వీలులేదు.