రాత్రి డ్యూటీలో ఒక్కరే ఉంటే: ఆకాశం నేర్పిన పాఠాలు

విమానం కూలిందన్న వార్త విన్నప్పుడు మనం మొదట పైలట్‌ను గురించి, ఆ తరువాత ఇంజనును గురించి అడుగుతాము. నేలమీద కూర్చుని ఆ విమానానికి దారి చూపే మనిషిని గురించి అడగడం అరుదు. మధురపూడిలో గానీ, గన్నవరంలో గానీ దిగే విమానం ఎంత ఎత్తులో రావాలో, ఎప్పుడు దిగాలో చెప్పేవారు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు. వారికి లైసెన్సుతో పాటు నిర్ణీత కాలానికొకసారి వైద్యపరీక్ష కూడా తప్పనిసరి. చూపు, వినికిడి, మానసిక ఆరోగ్యం అన్నీ పరిశీలిస్తారు. అయితే ఆ పరీక్షలో తేలని విషయాలు రెండున్నాయి. ఈ రాత్రి ఆయన పక్కన మరొకరు ఉన్నారా? నిన్న ఆయన సరిగా నిద్రపోయారా? ఈ రెండు ప్రశ్నల చుట్టూ నలభై అయిదేళ్ళ చరిత్ర ఉన్నది.

1981 ఆగస్టు 3న అమెరికాలో సుమారు 13 వేల మంది కంట్రోలర్లు సమ్మెకు దిగారు. వారి కోరికలలో జీతంతో పాటు వారానికి 32 గంటల పని కూడా ఉన్నది. అధ్యక్షుడు రీగన్ 48 గంటల గడువిచ్చి, తిరిగి చేరని 11,345 మందిని తొలగించాడు. వారిని మళ్ళీ చేర్చుకోరాదన్న నిషేధం 1993 దాకా తొలగలేదు. సమ్మె చట్టవిరుద్ధమే కావచ్చు. కాని ఒక కంట్రోలర్ పూర్తిగా తయారు కావడానికి ఏళ్ళు పడుతుంది. అనుభవజ్ఞులు ఒక్కసారిగా పోతే ఆ లోటు ఉత్తర్వుతో పూడదు.

మన దేశంలో 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రి మీద సౌదీ, కజకిస్తాన్ విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. గాలిలో రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదాలన్నిటిలోనూ ఘోరమైనది అదే. 15 వేల అడుగుల వద్ద ఆగవలసిన కజక్ విమానం ఇంకా కిందికి దిగిందని విచారణలో తేలింది. నాటి ఢిల్లీ రాడార్ తెరమీద విమానాల ఎత్తు కనిపించేది కాదు. ఆ తరువాత ఎత్తు చూపే రాడార్లు వచ్చాయి, విమానాలలో ఢీకొనే ముప్పును హెచ్చరించే పరికరం తప్పనిసరి అయింది. యంత్రాలు వచ్చాయి గనుక ఇక భయం లేదని అనిపించడం సహజమే.

అది నిజం కాదని 2002 జూలై 1 రాత్రి తేలింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కేంద్రంలో ఇద్దరు కంట్రోలర్లు డ్యూటీలో ఉన్నారు. ఒకరు విశ్రాంతికి వెళ్ళగా, మిగిలిన ఒక్కరు రెండు తెరలను చూస్తున్నారు. రాత్రివేళ అలా వంతులవారీగా వెళ్ళడం అక్కడ ఏనాటి నుంచో ఉన్న అలవాటు, అధికారులకు తెలిసినదే. అదే రాత్రి మరమ్మతుల వల్ల హెచ్చరిక వ్యవస్థ, ఫోన్ లైను పూర్తిగా పనిచేయడం లేదు. ఆలస్యంగా వచ్చిన మరో విమానాన్ని దించే పనిలో ఆయన నిమగ్నమయ్యారు. ప్రమాదాన్ని గమనించిన జర్మనీ కంట్రోలర్లు ఫోన్ చేసినా లైను దొరకలేదు. ఆఖరి నిమిషంలో ఆయన రష్యా విమానాన్ని కిందికి దిగమన్నారు. విమానంలోని పరికరం పైకి వెళ్ళమన్నది. పైలట్లు మనిషి మాట విన్నారు. 11.35కు యూబర్లింగెన్ పట్టణం మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది మరణించారు. వారిలో చాలామంది విహారయాత్రకు బయలుదేరిన పిల్లలు.

2004 ఫిబ్రవరిలో, ఆ ప్రమాదంలో భార్యాబిడ్డలను పోగొట్టుకున్న ఒక తండ్రి ఆ కంట్రోలర్‌ను ఇంటికి వెళ్ళి పొడిచి చంపాడు. 2007లో న్యాయస్థానం ఆ సంస్థ మేనేజర్లు నలుగురిని దోషులుగా తేల్చింది. అసలు బాధ్యులెవరో న్యాయస్థానం గుర్తించేసరికి, నింద మోసిన మనిషి బ్రతికి లేడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. విశ్రాంతికి వెళ్ళిన ఆ రెండవ వ్యక్తిని సోమరి అనడం తేలిక. వైద్యుడిగా నేను అలా అనలేను. రాత్రి పనిలో విశ్రాంతి శరీరానికి అవసరం. ఒకరు విశ్రమిస్తే ఇద్దరు పనిలో ఉండేటట్లు మూడవ మనిషిని ఇవ్వకపోవడమే అక్కడి లోపం.

2006 ఆగస్టు 27 తెల్లవారుజామున అమెరికాలోని లెక్సింగ్టన్‌లో ఒక విమానం పొరపాటున చిన్న రన్‌వే మీది నుంచి లేవబోయి కూలింది. 49 మంది మరణించారు. దర్యాప్తు సంస్థ పైలట్ల పొరపాటునే కారణంగా తేల్చింది. అయినా ఆ టవర్‌లో ఇద్దరుండవలసిన చోట ఒక్కరే ఉన్నారు, ఆయన డ్యూటీకి ముందు సుమారు రెండు గంటలే నిద్రపోయారు. 2011 మార్చిలో వాషింగ్టన్ విమానాశ్రయంలో రాత్రి ఒంటరిగా ఉన్న కంట్రోలర్ నిద్రపోవడంతో రెండు విమానాలు టవర్ సాయం లేకుండానే దిగాయి. అటుపిమ్మట 27 టవర్లలో రాత్రి డ్యూటీకి రెండవ మనిషిని నియమించారు, షిఫ్టుల మధ్య కనీసం 9 గంటల విరామం ఇచ్చారు. 2025 జనవరి 29న అదే విమానాశ్రయం దగ్గర విమానం, హెలికాప్టరు ఢీకొని 67 మంది చనిపోయినప్పుడు, ఆ రెంటి బాధ్యతా ఒకే కంట్రోలర్ చేతిలో ఉన్నది.

మన దేశంలో కంట్రోలర్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు. వారి కొరతను, అలసటను పార్లమెంటు స్థాయీ సంఘం 2025 ఆగస్టులో ప్రస్తావించింది. పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం వారు కనుక, ఈ విషయం తెలుగువారికి మరింత దగ్గరిది.

అలసట అంటే బద్ధకం కాదు. ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి పనితీరు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుంది. మన మోటారు వాహనాల చట్టంలో హద్దు 30 మిల్లీగ్రాములే. తెల్లవారుజామున రెండు నుంచి అయిదు వరకు శరీర గడియారం నిద్రకే మొగ్గుతుంది. కాఫీ కొంతసేపు ఆదుకుంటుంది గాని నిద్రబాకీ తీర్చదు. పైగా, అలసిన మెదడుకు తాను అలసిన సంగతి సరిగా తెలియదు.

ఇది ఆకాశానికే పరిమితం కాదు. రెసిడెంట్ డాక్టర్ల నిరంతర డ్యూటీ సాధారణంగా రోజుకు 12 గంటలు దాటరాదని కేంద్రం 1992లోనే ఆదేశించింది. అది ఎంతవరకు అమలవుతున్నదో రాత్రివేళ ఆసుపత్రికి వెళ్ళినవారికి తెలుసు. మా జంగారెడ్డిగూడెం మీదుగా రాత్రంతా లారీలు నడుస్తాయి, ఏజెన్సీ గ్రామాల నుంచి 108 వాహనాలు వస్తాయి. ఆ డ్రైవరుకూ, ఆ రోగిని అందుకునే నర్సుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

మీ ఇంట్లో రాత్రి డ్యూటీ చేసేవారుంటే పగటి నిద్రను గౌరవించండి. గది చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచండి, చిన్న పనులకు లేపవద్దు. డ్యూటీకి ముందు ఒక కునుకు తీయనివ్వండి. ఇక ఎక్కడైనా ప్రమాదం జరిగినప్పుడు, డ్యూటీలో ఉన్నదెవరు అన్న ప్రశ్నతో ఆగకండి. ఎందరు ఉండవలసింది, ఎందరున్నారు, ఆ డ్యూటీ చార్టు వేసినదెవరు అని కూడా అడగండి.