వంకలు పెట్టే నాలుక

తెలుగు సాహిత్యంలో తిండికి వంకలు పెట్టిన పెద్దమనిషి ఎవరంటే ముందు గుర్తొచ్చేది శ్రీనాథుడే. ఆయన పేరు మీద చెలామణిలో ఉన్న పల్నాటి చాటువుల్లో ఫిర్యాదు ఒకటే: ఎక్కడ చూసినా జొన్నలు, సన్నబియ్యపు అన్నం కంటికి కనబడదు. రెడ్డిరాజుల కొలువులో బతికిన కవికి జొన్నకూడు గొంతు దిగలేదు. ఆ చాటువులు నిజంగా ఆయనవేనా అన్న అనుమానం ఉండనే ఉంది. ఎవరు చెప్పినా, తరతరాలుగా జనం వాటిని నవ్వుకుంటూ అప్పజెప్పారు. ఆ నవ్వు వెనక ఒక లెక్క ఉంది: వరన్నం తినేవాడు ఎక్కువ, జొన్నలు తినేవాడు తక్కువ.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కావ్యాల నుంచి, చాటువుల నుంచి తిండి సంగతులు ఏరి చరిత్రగా పేర్చారు. ఆ దారిలోనే నాకో ప్రశ్న. పెద్దయ్యాక కూడా ‘నేనది తినను’ అని భీష్మించేవాళ్ళలో మాట్లాడేది నాలుకా, లేక ఆ నాలుకకు ఊరు నేర్పిన చదువా?

మేడ్చల్, శామీర్‌పేట వైపు చూస్తే రెండోదే అనిపిస్తుంది. ద్రాక్షతోటలు పోయి వెంచర్లు, అపార్టుమెంట్లు వచ్చిన నేల ఇది. ఈ మెట్ట ఊళ్ళలో ఒకప్పుడు జొన్నరొట్టె, గటక, అంబలి రోజువారీ తిండి. తెల్లన్నం పండక్కో, చుట్టాలొస్తేనో. ఇవాళ సాయంత్రమైతే రోడ్డు పక్క పొయ్యిల మీద ఆడవాళ్ళు జొన్నరొట్టెలు కాలుస్తుంటారు. కార్లు ఆపి కొనుక్కునేది షుగరు, బరువు తగ్గించుకోవాలనుకునే మాబోటి ఉద్యోగులు. రొట్టె అదే, దానికున్న పరువే మారింది.

ఇక్కడో సంస్థ కథ చెప్పాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ చేతుల మీదుగా, బెరిబెరి మీద పరిశోధన చేసే ఒక చిన్న విభాగంగా పుట్టింది. బెరిబెరి అంటే పాలిష్ పట్టిన బియ్యమే ఆధారంగా బతికేవాళ్ళకు వచ్చే జబ్బు. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు మారింది. ఇక్కడ ఎదురైంది ఇంకో జబ్బు, పెల్లాగ్రా. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. వచ్చేది జొన్నలే ప్రధానంగా తినే పేదలకు. జొన్నల్లో ల్యూసిన్ ఎక్కువ కావడమే కారణమని సి. గోపాలన్, ఆయన సహచరుడు 1960లో ‘లాన్సెట్’లో వాదించారు. దాని మీద తర్వాత చాలా చర్చ నడిచింది. నాకు ముఖ్యమనిపించేది వేరే. బియ్యపు జబ్బు వెతకడానికి పుట్టిన సంస్థకు జొన్నల జబ్బు ఎదురైంది. అంటే తప్పు ఏ గింజదీ కాదు. కంచంలో ఆ గింజ తప్ప పప్పు, కూర, పాలు లేకపోవడమే అసలు తప్పు.

1983లో ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక తెల్లన్నం పేదింటికి రోజువారీ తిండి అయింది. ఆకలి తగ్గించిన పథకమది, కాదనలేం. కానీ జొన్న కంచంలోంచి జరిగిపోవడంలో దానికీ, బోర్లకింది వరికీ వాటా ఉంది. తర్వాత రేషను దొడ్డుబియ్యం జనం తినలేక అమ్ముకుంటే, ‘ఉత్తగా ఇస్తే వంకలా?’ అన్నవాళ్ళున్నారు. అదే వంక శ్రీనాథుడు పెడితే చాటువు, కూలిమనిషి పెడితే పొగరు! చివరికి 2025 ఉగాదికి తెలంగాణ ప్రభుత్వం హుజూర్‌నగర్‌లో రేషను సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టింది, మనిషికి నెలకు 6 కిలోలు. పల్నాటి చాటువు ఆరాటపడింది దీనికోసమే కదా.

మరి ఒళ్ళు సంగతి? వంకలు పెట్టేవాళ్ళు బక్కగా ఉంటారని మన నమ్మకం. మా ఆఫీసు క్యాంటీన్లో చూస్తే అలా అనిపించదు. వంకాయ వద్దు, కాకర వద్దు, ఆకుకూర అసలే వద్దు అన్నాక మిగిలేది అన్నం, ఆలుగడ్డ వేపుడు, పెరుగు, వారాంతంలో బిర్యానీ. వీటితో బరువు పెరగడమే తేలిక. మరికొందరికి కొత్త తిండి వాసనకే కడుపులో తిప్పుతుంది. సన్నబడాలన్న కోరిక లేకున్నా చిక్కిపోతారు. అమెరికా మానసిక వైద్యులు 2013లో తమ రోగనిర్ధారణ పుస్తకంలో ఆ తీవ్రస్థితిని ఒక రుగ్మతగా చేర్చారు. వాళ్ళను ‘గారాబం’ అని వెక్కిరిస్తే పని జరగదు. కాబట్టి బరువు కాటా మీది అంకె కంచం ఎంత ఇరుకో చెప్పదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ఆడవాళ్ళలో పదిమందికి ముగ్గురు ఉండాల్సిన బరువుకన్నా ఎక్కువ. దాదాపు ఐదుగురిలో ఒకరు తక్కువ. రెండూ ఒకే రాష్ట్రంలో.

2024లో అదే పోషకాహార సంస్థ, మన శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంది. తింటున్నదేమో 50 నుంచి 70 శాతం. అన్నం మానేసి మూడు పూటలా జొన్నరొట్టె తిన్నంత మాత్రాన ఈ లెక్క మారదు.

గత్యంతరం లేక ఒక్కటే తిన్నవాడికీ, కోరి ఒక్కటే తినేవాడికీ మధ్య సమాజంలో ఆకాశమంత తేడా. ఒంటికి మాత్రం ఆ తేడా తెలియదు. వద్దనే హక్కు మన పెద్దవాళ్ళకు చాలా ఆలస్యంగా దొరికింది, దాన్ని తక్కువ చెయ్యను. అయితే వాళ్ళు కోరుకున్నది నిండు కంచాన్ని. మనం ఆ హక్కుతో కంచాన్ని మళ్ళీ ఇరుకు చేసుకుంటున్నాం.