పాట కింద ఎవరి పేరు? (మన పాట – మన లెక్క, 9వ భాగం)

పోయిన నెల మా కాలేజీ పిల్లలు నలుగురు ఫోను పట్టుకొని స్టాఫ్ రూముకొచ్చారు. "మేడమ్, మా బ్యాండు మొదటి సింగిల్ అయిపోయింది. వీడియో కూడా ఎడిట్ అయింది. ఒక్కసారి చూడండి" అన్నారు. ఒకరు గిటారు, ఒకరు డ్రమ్స్, ఒకరు కోదాడ నుంచి అద్దెకు తెచ్చిన కీబోర్డు, ఒకరు డప్పు. పాట మాత్రం నాటుపాట. మునగాల పక్క పల్లెలో, డప్పు కొట్టే పిల్లాడి నాయనమ్మ నాట్లప్పుడు పాడేది. దాన్ని రాక్‌లోకి తెచ్చారు. ఒకచోట గిటారూ డ్రమ్సూ ఆగిపోయి డప్పు ఒక్కటే మిగులుతుంది. అక్కడ నాకు ఒళ్లు జలదరించింది. నిజంగా బాగుంది.

చివర పేర్లు పడ్డాయి. గిటారు ఎవరు, ఎడిటింగ్ ఎవరు, డ్రోన్ ఎవరు అన్నీ వచ్చాయి. రచన దగ్గర మాత్రం "జానపదం" అని ఉంది.

"ఈ జానపదం ఎవర్రా? ఏ ఊరు?" అని అడిగాను. పిల్లలు నవ్వారు.

ఈ భాగం ఆ ఒక్క మాట గురించే.

ముందు ఆ పిల్లలు ఎవరిని చూసి బ్యాండు పెట్టారో చెప్పాలి. 2018 జనవరి 6న చెన్నై కీల్పాక్కంలో 'ది క్యాస్ట్‌లెస్ కలెక్టివ్' అనే బ్యాండు మొదటిసారి స్టేజీ ఎక్కింది. వెనకున్నది సినిమా దర్శకుడు పా. రంజిత్ నీలం కల్చరల్ సెంటర్, సంగీతకారుడు టెన్మా. పంతొమ్మిది మందితో బ్యాండు. రాక్ గిటారు, ర్యాప్, పరై, వీటన్నిటితో పాటు ఉత్తర చెన్నై గానా. గానా అంటే చావు దగ్గర పాడే పాట కూడా. మన దగ్గర పీనుగ ముందు డప్పు కొట్టిన చెయ్యి ఎట్లాంటిదో, అక్కడ గానా పాడిన గొంతు అట్లాంటిది. పెళ్లికీ చావుకీ కావాలి, కచేరీకి మాత్రం పనికిరాదు. అట్లాంటి గొంతుల్ని మైకు ముందు నిలబెట్టి రిజర్వేషన్ మీదా, పెద్దకూర మీదా, అంబేడ్కర్ మీదా పాడించారు. బ్యాండులో ఒకే ఒక్క ఆడపిల్ల ఇసైవాణి. 2020లో బీబీసీ వంద మంది మహిళల జాబితాలో ఆమె పేరు వచ్చింది. బ్యాండు పేరు కూడా ఊరికే పెట్టింది కాదు. అయోతీ దాస్ పండితుడు (1845–1914) తన జనాన్ని కులం లేని తమిళులని పిలిచిన మాట నుంచి తీసుకున్నారు.

మా కాలేజీలో కొందరంటారు, "రాక్ అంటే తెల్లోళ్ల సంగీతం గదా, మనకెందుకు?" అని. కాదు. ఎలక్ట్రిక్ గిటారు పట్టుకొని చర్చి పాటలు మోగించిన సిస్టర్ రొసెట్టా థార్ప్ నల్లజాతి మహిళ. ఆమె 1973లో చనిపోతే, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు 2018లో దొరికింది. 'హౌండ్ డాగ్' మొదట రికార్డు చేసింది బిగ్ మామా థార్న్‌టన్, 1952లో. 1956లో ఎల్విస్ పాడాక ప్రపంచానికి అది ఎల్విస్ పాట అయింది. 1981లో ఎంటీవీ మొదలైతే, తొలి రెండేళ్లు నల్లవాళ్ల వీడియోలు కంటికి కనపడితే గొప్ప. 1983లో డేవిడ్ బోవీ ఆ చానల్ ఇంటర్వ్యూలోనే కూర్చొని, ఎందుకు వెయ్యట్లేదని అడిగాడు. రాక్ పుట్టింది ఒక ఇంట్లో, ఇంటిపేరు ఇంకొకరిది. ఈ కథ మనకు కొత్త కాదు.

ఇక 2021కి రండి. మార్చి 7న 'ఎంజాయ్ ఎంజామి' వీడియో వచ్చింది. క్యాస్ట్‌లెస్ కలెక్టివ్‌లో పాడిన అరివు, గాయని ధీ కలిసి పాడారు. సంతోష్ నారాయణన్ నిర్మించాడు. అరివు తన అవ్వ వల్లియమ్మాళ్ దగ్గర విన్న కథ అది. భూమి లేని జనాన్ని సిలోన్ తేయాకు తోటలకు తోలుకుపోవడం, అక్కడ తోటలు నిలబెట్టాక ఉత్త చేతుల్తో తిరిగిరావడం. ఆ అవ్వ వీడియోలో కూడా కనపడుతుంది. చావు ఏడుపు పాట బాణీని పండగ పాటలో కలిపాడు. నేను చూసిన మ్యూజిక్ వీడియోల్లో దానికి సాటి వచ్చేవి తక్కువ.

ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ ఉంది, కెనడా ర్యాపర్ షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నాడు. అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా నిలదీశాక పత్రిక అరివుతో డిజిటల్ ముఖచిత్రం వేసింది. 2022లో చెన్నై చెస్ ఒలింపియాడ్ వేదిక మీద ఆ పాట అరివు లేకుండానే పాడారు. పాట తన శ్రమ అని అరివు రాశాడు, ఎవరి వాటా ఎంతో సంతోష్, ధీ తమ వైపు నుంచి చెప్పారు. ముగ్గురి మాటలూ చదవండి, నేను తీర్పు చెప్పను. కానీ 2024 మార్చిలో సంతోష్ నారాయణన్, ఆ పాట మీద తమలో ఎవరికీ రూపాయి రాలేదని చెప్పాడు. కోట్లమంది చూసిన పాట! పేరు దగ్గర కొట్లాట ఒకటి, పైసల దగ్గర కొట్లాట ఇంకొకటి. మనం మొదటిదాంట్లో మునిగిపోయి రెండోదాన్ని మరిచిపోతుంటాం.

ఎంజామికి సరిగ్గా వారం ముందు తెలుగులో 'సారంగ దరియా' వచ్చింది, శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' సినిమా పాట. సినిమాలో రచన సుద్దాల అశోక్ తేజ. వరంగల్ గాయని కోమలి, టీవీ వేదిక మీదకు ఆ పాటను తెచ్చింది నేనని ముందుకొచ్చింది. పల్లవి జానపదమే, చరణాలు కొత్తగా రాశానని అశోక్ తేజ చెప్పారు. చివరికి దర్శకుడు మధ్యలో కూర్చొని ఒప్పందం చేశాడు. రచ్చ చల్లారింది. అశోక్ తేజ గారి తండ్రి సుద్దాల హనుమంతు పాట 'పల్లెటూరి పిల్లగాడా' మనందరికీ తెలుసు. ఆ పాటకు ఆయన పేరు చెక్కుచెదరలేదు, మంచిదే. అదే సినిమాలో ఉన్న ఇంకో పాటకు ఆ అదృష్టం లేదు.

ఆ సినిమా 1979 నాటి 'మా భూమి'. నిర్మాత బి. నర్సింగరావు, దర్శకుడు గౌతమ్ ఘోష్. అందులో గద్దర్ భుజాన గొంగడితో 'బండెనక బండి గట్టి' పాడతాడు. మంది మధ్యలో నిలబడి పాడే మనిషి, ఆ ఒంటి కదలిక, ఆ గొంతు. ఇవాళ్టి లెక్కలో అది ఒక మ్యూజిక్ వీడియో. నన్నడిగితే తెలుగులో దాన్ని దాటింది ఇంకా రాలేదు. 2023 ఆగస్టు 6న గద్దర్ పోయిన రోజు నా ఫోనుకు ఆ క్లిప్పు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు. దాదాపు ప్రతిదాని కింద "గద్దరన్న రాసిన పాట" అనే ఉంది. రాసింది బండి యాదగిరి. నిజాం మీద సాయుధ పోరాటం నడిచిన రోజుల పాట అది. ఇందులో గద్దర్ తప్పేమీ లేదు. కెమెరా ముఖాన్ని చూపిస్తుంది, రాసిన చెయ్యిని చూపించదు. మిగతాది మన బద్ధకం.

మన మునగాలనే తీసుకోండి. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద సూర్యాపేటకూ కోదాడకూ నడుమ ఉన్న ఈ ఊరు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కృష్ణా జిల్లా కింద ఉన్న పరగణా, చుట్టూ నిజాం రాజ్యం. సాహిత్య చరిత్ర పుస్తకాలు తెరవండి. మునగాల అంటే జమీందారు నాయని వెంకట రంగారావు, దివాను కొమర్రాజు లక్ష్మణరావు, 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమాల. వాళ్ల పని చిన్నది కాదు, ఆ పుస్తకాలు చదివే నేను డాక్టరేట్ రాశాను. కానీ ఆ విద్యాపోషణకు పైసలు ఎక్కడివి? పరగణా పొలాల శిస్తువి. ఆ పొలాల్లో నడుం వంచి నాట్లేసిన ఆడవాళ్లు పాడుతూనే ఉన్నారు. 1930ల్లో ఆ జమీందారీ మీద రైతులూ కూలీలూ తిరగబడ్డారు. ఆ తిరగబడ్డవాళ్ల పాటల మీద నేను చదివిన సాహిత్య చరిత్రల్లో ఒక పేజీ లేదు. గ్రంథాలయానికి డబ్బిచ్చినవారి పేరు గోడ మీద ఉంటుంది. పాట కట్టినామె పేరు "జానపదం".

బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధన చేసి 1958లో పుస్తకం వేసినప్పుడు, యూనివర్సిటీ ఆ మాటకు లేచి కుర్చీ వేసింది. అది పెద్ద మేలు. అదే మాట ఇవాళ యూట్యూబ్‌లో ఇంకో పని చేస్తోంది. 2012లో కాపీరైట్ చట్టం సవరించాక, పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో వాటా ఉంది, సంతకం పెట్టి వదులుకుందామన్నా కుదరదు. ఎవరికి? రచయిత అని పేరున్నవాళ్లకు. "జానపదం" అని రాసిన క్షణాన ఆ వాటా తీసుకునే మనిషే లేకుండా పోతుంది. పైగా ఒక కంపెనీ తన రికార్డింగును కంటెంట్ ఐడీలో పెట్టుకుంటే, అదే బాణీ పాడుకున్న పల్లె పిల్లకు కాపీరైట్ నోటీసు రావొచ్చు. నాయనమ్మ పాటకు మనవరాలు దొంగ!

మళ్లీ మా పిల్లల దగ్గరికి. నేను తిట్టలేదు, ఆ నాయనమ్మ దగ్గరికి పోయి అడిగి రమ్మన్నాను. ఆదివారం పోయి రికార్డు చేసుకొచ్చారు. ఆమె మాట ఫోనులో విన్నాను: "గా పాట నాదొక్కదానిది గాదు బిడ్డా. మా అమ్మ పాడేది. నేను రెండు చరణాలు కట్టిన. తతిమ్మాది మా ముఠా ఆడోళ్లందరం కలిపినం." అని ఏడుగురి పేర్లు, ఊర్లతో సహా చెప్పింది. అందులో ముగ్గురు ఇప్పుడు లేరు. రచన దగ్గర ఏడు పేర్లూ వెయ్యాలని పిల్లలు ఒప్పుకున్నారు. తెర మీద పట్టవేమోనని ఎడిటింగ్ పిల్లాడి బెంగ. డ్రోన్ షాటు మీద వెయ్యమన్నాను, ఆకాశమంతా ఖాళీగానే ఉంది.

అంతటితో అయిపోలేదు. వీడియో చూసి ఆమె ఇంకో మాటంది: "నడిమి చరణం ఏది?" పిల్లలు తలలు దించుకున్నారు. కూలి గింజలు కొలిచేటప్పుడు మానికెలో మోసం చేసిన దొర పేరు ఆ చరణంలో ఉంది. మాలమాదిగ ఆడవాళ్లను ఆ ఇంటోళ్లు ఏమని పిలిచేవాళ్లో కూడా ఉంది. ఆ ఇంటోళ్లు ఇప్పటికీ ఊళ్లోనే ఉన్నారు, డప్పు కొట్టే పిల్లాడి నాయన వాళ్ల పొలమే కౌలుకు చేస్తున్నాడు. అందుకని చరణం తీసేశారు.

కౌలు పోతే ఆ ఇంటికి తిండి నేను పెట్టను గదా, అందుకే నేనేమీ అనలేకపోయాను. నాయనమ్మ మాత్రం అంటూనే ఉంది, "పేరు తీసెయ్యుండ్రి, మానికె ముచ్చట ఉంచుండ్రి" అని. వచ్చే ఆదివారం ఆమె గొంతుతోనే ఆ చరణం మళ్లీ రికార్డు చెయ్యాలని ముగ్గురు అంటున్నారు. డప్పు పిల్లాడు ఇంకా ఏమీ చెప్పలేదు. అతను చెప్పేదాకా వీడియో పెట్టొద్దని నలుగురూ అనుకున్నారు.

వచ్చే భాగంలో: దండోరా, డప్పు, 1994.

జై భీమ్.